పైరు కనిపిస్తుంది, పట్టా కనిపించదు: నవ్వించినవాళ్ళ డబ్బు లెక్క

[తెర మీద: లారెల్, హార్డీ టోపీలు పైకెత్తి పలకరిస్తున్న ఫోటో]

ఈ వీడియోకి కారణం మా బాబాయ్. ఒకే ఫార్వర్డ్ నాకు నాలుగుసార్లు పంపాడు. పాత హాలీవుడ్ హాస్య జంట లారెల్ హార్డీ ఫోటో, వెనకాల ఏడుపు ఫ్లూటు, లోకాన్ని నవ్వించిన మనిషి చివరికి పూట గడవక పోయాడని పెద్ద పెద్ద అక్షరాలు. సరే, పంపితే పంపాడు. దాని కింద ఆయన రాసిన మాట చూసి నాకు ఒళ్ళు మండింది. సంపాదించినప్పుడు జాగ్రత్త పడితే ఈ గతి పట్టేదా, అట. ఫోన్ చేసి సమాధానం చెప్పబోతే ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో ఆయన భోజనానికి లేచి వెళ్ళిపోయాడు. అందుకే కెమెరా ముందు కూర్చున్నాను. బాబాయ్, ఇది నీకే.

ముందు ఆ ఫార్వర్డ్‌లో అబద్ధం తీసేద్దాం. స్టాన్ లారెల్, ఇద్దరిలో సన్నగా ఉండి తల గోక్కుంటూ ఏడుపు మొహం పెట్టే ఆయన, తిండి లేక పోలేదు. 1965 ఫిబ్రవరిలో పోయాడు. చివరి రోజుల్లో కాలిఫోర్నియాలో, శాంటా మోనికాలో, సముద్రానికి ఎదురుగా ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో భార్యతో ఉండేవాడు. గౌరవంగానే బతికాడు. కాకపోతే ఆయనకున్న పేరుకీ ఆ అపార్ట్‌మెంట్‌కీ పొంతన కుదరదు, ఆ తేడా పూడ్చడానికి జనం ఒక కథ అల్లేస్తారు: తాగాడు, తగలేశాడు, పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. పెళ్ళిళ్ళు చేసుకున్న మాట నిజమే, విడాకులకి డబ్బు వదిలిన మాటా నిజమే. కానీ అసలు లెక్క అక్కడ లేదు.

అసలు లెక్క ఎలాంటిదంటే, మీరు బస్సులో వెళ్తున్నారు, రోడ్డు పక్కన పచ్చటి చేను. పైరు ఏపుగా ఉంది, మధ్యలో ఒకాయన పంచె ఎగ్గట్టి నీళ్ళు పెడుతున్నాడు. ఈయనకేం, ఈసారి పంట విరగకాస్తుంది అనుకుంటారు. ఆయన పట్టాదారా, కౌలు రైతా, జీతానికి ఉన్న పాలేరా అన్నది బస్సు కిటికీలోంచి తెలీదు. ముగ్గురిలో ఎవరైనా సరే పైరు పచ్చదనం ఒకటే. మనం ఫేమ్ అంటామే, అది ఆ పైరు. డబ్బు మాత్రం పాస్‌బుక్‌లో ఎవరి పేరుంటే వాళ్ళది. పైగా సినిమా చేను మామూలు చేను కాదు, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోస్తూనే ఉండొచ్చు. థియేటర్లో మొదటి కోత, మళ్ళీ విడుదల చేస్తే రెండో కోత, టీవీ మూడోది, ఇప్పుడు ఫోన్లలో ఎన్నోదో లెక్కే లేదు. పాలేరుకి ముట్టేది మాత్రం నాటిన రోజు కూలి.

ఇది నా సొంత పోలిక, వ్యవసాయం తెలిసినవాళ్ళు తప్పులు పట్టొచ్చు. కానీ వీడియో అంతా దీన్నే సాగదీస్తాను, ముందే చెప్తున్నా.

[తెర మీద: పాత ఓడ బొమ్మ, 1910]

1910లో ఇంగ్లండ్ నుంచి అమెరికాకి ఒక నాటక బృందం ఓడెక్కింది. ఫ్రెడ్ కార్నో కంపెనీ. అందులో ముఖ్య హాస్యగాడికి 21 ఏళ్ళు. ఆయనకి జ్వరమొస్తే ఆ వేషం కట్టడానికి సిద్ధంగా ఉంచిన కుర్రాడికి 20. మొదటివాడు చార్లీ చాప్లిన్. రెండోవాడు స్టాన్ లారెల్. అవును, ఒకే ఓడ, ఒకే కంపెనీ, ఊళ్ళు తిరిగేటప్పుడు ఒకే గది. అద్దె గదిలో వంట చేయకూడదని రూలు ఉంటే, లారెల్ దొంగచాటుగా మాంసం వేయించేవాడట, నూనె చిటపటలు బయటికి వినపడకుండా చాప్లిన్ వయొలిన్ వాయించేవాడట. నాకైతే ఈ ఒక్క సీను మీద సినిమా తీయొచ్చనిపిస్తుంది. ఒకే పెనంలో తిన్న ఇద్దరు, ఇద్దరూ మహా ప్రతిభావంతులు, ఇద్దరి మొహాలూ ప్రపంచమంతా గుర్తుపట్టింది. ఒకడు పట్టాదారు అయ్యాడు, ఇంకోడు పాలేరుగా ఉండిపోయాడు. తెలివి తేడా అనకండి, పొదుపు తేడా అసలే అనకండి.

చాప్లిన్ సంగతి చూడండి. 1914లో కీస్టోన్ కంపెనీలో వారానికి 150 డాలర్లు. ఏడాది తిరిగేసరికి జనం ఆయన్ని చూడ్డానికి ఎగబడుతున్నారు. వారానికి వెయ్యి ఇమ్మన్నాడు. యజమాని మాక్ సెనెట్, అంత నాకే రాదయ్యా అన్నాడు. దానికి చాప్లిన్ జవాబు ఆయన ఆత్మకథలో ఉంది: టికెట్ల దగ్గర జనం వరస కడుతున్నది నీ పేరు చూసి కాదు, నా పేరు చూసి. ఇదేదో పొగరు మాట అనుకునేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. ఈ పైరు పచ్చగా ఉంది నా చేతి వల్ల అని పాలేరు మొదటిసారి గట్టు మీద నిలబడి చెప్పిన మాట అది. తర్వాతి ఏడాది ఇంకో కంపెనీ వారానికి 1,250 ఇచ్చింది. 1916లో మ్యూచువల్ అనే కంపెనీ ఏడాదికి 6,70,000 డాలర్లు ఇచ్చింది, అప్పటికాయనకి 26 ఏళ్ళు. ఇక్కడిదాకా చాలామంది చెప్తారు. ఇక్కడ ఆపేస్తారు కూడా, నాకు చిరాకు అక్కడే. ఎందుకంటే 6,70,000 కూడా జీతమే. పెద్ద పాలేరు, అంతే.

అసలు మలుపు 1917 ఒప్పందం. 8 సినిమాలకి పది లక్షల డాలర్లు, అది పేపర్లకెక్కిన ముక్క. పేపర్లు పట్టించుకోని ముక్క ఏంటంటే, కొన్నాళ్ళ తర్వాత ఆ సినిమాల హక్కులు తిరిగి చాప్లిన్‌కే రావాలి. తర్వాత సొంత స్టూడియో కట్టుకున్నాడు. 1919లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, డి.డబ్ల్యు. గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సినిమా పంపిణీ కంపెనీ పెట్టాడు, అంటే పండించడమే కాదు, మార్కెట్ యార్డు కూడా మనదే అన్నమాట. డబ్బు కోసమే ఈ రంగంలోకి వచ్చాను, కళ దాన్నుంచి పుట్టింది అని కూడా దాపరికం లేకుండా చెప్పినవాడు చాప్లిన్. లండన్‌లో నిరుపేద పిల్లల బడిలో కొంతకాలం గడిపిన పిల్లాడు, డబ్బంటే తెలియక చెప్పిన మాట కాదది.

ఇప్పుడు లారెల్ దగ్గరికి. 1927 ప్రాంతంలో ఆలివర్ హార్డీతో జంట కుదిరింది. నిర్మాత హాల్ రోచ్ ఇద్దరికీ జీతాలిచ్చేవాడు, బాగానే ఇచ్చేవాడు. లారెల్‌కి ఎక్కువ, ఎందుకంటే కథ, జోకులు, ఎడిటింగ్ అన్నీ చూసుకునేది ఆయనే. ఆ విషయంలో హార్డీకి ఎలాంటి ఈర్ష్యా లేదు, షూటింగ్ అయితే గోల్ఫ్‌కి పోయేవాడు. కానీ ఒక చిన్న కిటుకు ఉంది, ఇది బాగా వినండి, ఇది నాకు తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇద్దరి కాంట్రాక్టులూ వేరు వేరు. పైగా గడువులు కూడా వేరు వేరు తేదీల్లో ముగుస్తాయి.

దీని అర్థం ఏంటో ఆలోచించండి. లారెల్ గడువు అయిపోయి జీతం పెంచమని అడిగే రోజుకి హార్డీ ఇంకా కాంట్రాక్టులోనే ఉంటాడు. ఇద్దరం కలిసి పోతాం అనే బెదిరింపు చెల్లదు. హార్డీ గడువు అయ్యేసరికి లారెల్ మళ్ళీ సంతకం పెట్టేసి ఉంటాడు. జనానికి లారెల్ హార్డీ అంటే ఒకటే మాట, కాగితం మీద మాత్రం ఎప్పుడూ ఇద్దరు ఒంటరి మనుషులు. కాడెద్దుల్లో ఒకదాన్ని ఈ సంతలో, ఇంకోదాన్ని ఆ సంతలో బేరం పెట్టినట్టు. జోడీగా ఉంటే వచ్చే ధర, విడివిడిగా ఎవడిస్తాడు?

1950ల్లో ఇంటింటికీ టీవీ వచ్చింది. రోచ్ దగ్గరున్న పాత సినిమాలు టీవీకి అమ్ముడుపోయాయి. పొద్దున, సాయంత్రం, పిల్లలు బడి నుంచి రాగానే, లారెల్ హార్డీ. మూడో కోత మొదలైంది. ఆ కోతలో లారెల్‌కి రాలింది గింజ కూడా లేదు. హార్డీకీ లేదు, ఆయన 1957లోనే పోయాడు. లారెల్‌కి డబ్బు కంటే ఎక్కువ మంట పుట్టించింది ఇంకోటి. ప్రకటనల కోసం ఆ సినిమాలని ఎక్కడపడితే అక్కడ కోసి వేసేవాళ్ళు. నవ్వు ఎక్కడ పడాలో ఫ్రేము ఫ్రేము లెక్కపెట్టి ఎడిట్ చేసిన మనిషి, తన ఇంట్లో తన టీవీలో తన సినిమా చూస్తూ, జోకు పడబోయే క్షణంలో సబ్బు ప్రకటన చూడాలి. బాబాయ్, దీనికి జాగ్రత్త పడటం ఎలాగో నువ్వు చెప్పు.

[కెమెరా దగ్గరగా]

మరి అదే టీవీ కాలంలో జాగ్రత్త పడినవాళ్ళు లేరా? ఉన్నారు. ఐ లవ్ లూసీ అనే టీవీ హాస్య కార్యక్రమంలో నటించిన లూసిల్ బాల్, ఆవిడ భర్త డెజీ ఆర్నాజ్. నా దృష్టిలో హాస్యం చరిత్రలో ఇంతకంటే మంచి బేరం ఇంకోటి జరగలేదు.

1951. అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. దేశం అవతలి వైపు వాళ్ళకి టీవీ తెరనే కెమెరాతో తీసిన మసక మసక కాపీ వెళ్ళేది. వీళ్ళిద్దరికీ హాలీవుడ్ వదిలి న్యూయార్క్ పోవడం ఇష్టం లేదు. ఇక్కడే ఉంటాం, సినిమా తీసినట్టు ఫిల్మ్ మీద తీస్తాం అన్నారు. ఫిల్మ్ అంటే ఖర్చు. ఛానల్‌వాళ్ళు, స్పాన్సర్ మొహం చిట్లించారు. అప్పుడు వీళ్ళు, సరే, మా జీతంలో వారానికి వెయ్యి డాలర్లు తగ్గించుకోండి, కానీ ఆ ఫిల్మ్ మాత్రం మా కంపెనీది అన్నారు. అవతలివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకసారి వేసేసిన ఎపిసోడ్ రీలు ఎవడిక్కావాలి? కోసేసిన చేల్లో దుబ్బులు మావే అని ఎవరైనా అడిగితే తీసుకోమంటారుగా, అలాగ.

ఆ దుబ్బులే మళ్ళీ చిగురేశాయి. పాత ఎపిసోడ్లని కూడా జనం మళ్ళీ మళ్ళీ చూస్తారని తేలింది. కొన్నేళ్ళకి అదే ఛానల్ అవే ఎపిసోడ్లని లక్షల డాలర్లు పోసి తిరిగి కొనుక్కుంది. 1957లో ఈ దంపతులు ఏకంగా ఆర్.కె.ఓ. స్టూడియో కొనేశారు. ఒకప్పుడు లూసిల్ బాల్ జీతానికి పనిచేసిన స్టూడియో అది. పాలేరుగా పనిచేసిన కామందు ఇంటినే కొనుక్కున్నట్టు! ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి, లూసిల్ బాల్‌కీ లారెల్‌కీ నవ్వించడంలో తేడా ఉందా? నేనైతే లారెల్‌నే ఒక మెట్టు పైన పెడతాను. తేడా వారానికి ఆ వెయ్యి డాలర్లు. వదులుకున్న వెయ్యి.

ఇప్పుడు నా పోలిక కాస్త తిరగబడే చోటు. పట్టా ఉంటే చాలా అంటే, హరోల్డ్ లాయిడ్ అని ఒకాయన ఉన్నాడు. గడియారం ముల్లు పట్టుకుని భవనానికి వేలాడే కళ్ళజోడు మనిషి, ఆ బొమ్మ మీరు ఎక్కడో చూసే ఉంటారు. 1923 సినిమా. దానికి నాలుగేళ్ళ ముందు ఫోటో షూట్‌లో ఉత్తుత్తి బాంబు అనుకున్నది నిజంగా పేలి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. తొడుగు వేసుకుని, మిగిలిన ఎనిమిది వేళ్ళతో ఆ గడియారానికి వేలాడాడు. సరే, డబ్బు విషయానికొస్తే ఈయన అందరికంటే ఘనుడు. రోచ్ దగ్గర్నుంచి బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టి, సినిమాలు తన చేతిలో ఉంచుకుని, బెవర్లీ హిల్స్‌లో 44 గదుల భవంతి కట్టాడు. టీవీ వాళ్ళు సినిమాలు ఇవ్వమంటే చుక్కల్లో రేటు చెప్పాడు. వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయారు. ఫలితం? ఒక తరం పిల్లలు లారెల్ హార్డీని చూసి పెరిగారు, లాయిడ్ ఎవరో వాళ్ళకి తెలీదు. చేనుకి కంచె వేసి తాళం పెట్టాడు, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి పైరు కనపడటం మానేసింది. పట్టా ఉన్నవాడికి పేరు తగ్గింది, పేరు ఉన్నవాడికి పట్టా లేదు. రెండూ కలిసి రావాలని రూలేం లేదని అర్థమవుతోందా?

మూకీల కాలం హాస్యనటుడు బస్టర్ కీటన్ గురించి పూర్తిగా ఒక వీడియో చేయాలి, ఇప్పుడు తొందరగా చెప్తా. 1928లో విడుదలైన సినిమాలో ఇంటి ముందు గోడ మొత్తం తన మీద పడే సీను చేశాడు, నిజం గోడ. కిటికీ ఖాళీ సరిగ్గా తను నిలబడ్డచోట పడింది కాబట్టి బతికాడు. అదే ఏడాది ఎం.జి.ఎం. కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు, అందులో మాత్రం కిటికీ లేదు. చాప్లిన్, లాయిడ్ ఇద్దరూ వద్దన్నారు, వినలేదు. వారానికి 3,000 డాలర్లు, కానీ ఏ సినిమా తీయాలో, ఎలా తీయాలో వేరేవాళ్ళు చెప్తారు. 1933లో తీసేశారు. కొన్నేళ్ళకి అదే స్టూడియోలో వేరేవాళ్ళకి జోకులు రాసిపెడుతూ వారానికి 100 డాలర్లు. తన జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు ఆ సంతకమేనని ఆయనే చెప్పుకున్నాడు. తాగుడు ఉంది, కాదనను. అయితే తాగుడు ముందా, సంతకం ముందా అన్నది కూడా చూడాలి కదా.

పాలేరు, పట్టాదారు చెప్పాను, మధ్యలో కౌలు మిగిలింది. లాభాల్లో వాటా అంటారే, అది. ఇక్కడ ఒక్క పదం మీద జీవితాలు మారిపోతాయి: మొత్తం వసూళ్ళలో వాటానా, ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటానా? ఖర్చులు రాసేది ఎవరు? కామందే. విత్తనం ఖర్చు, ఎరువు, నా కారు, మా ఆఫీసు అద్దె, వాటి మీద వడ్డీ... చివరికి మిగిలింది సున్నా. నవ్వకండి, 1988లో ఎడ్డీ మర్ఫీ హీరోగా వచ్చి బాగా ఆడిన ఒక సినిమా మీద ఇలాగే కోర్టు కేసు నడిచింది. కథ నాది, లాభంలో వాటా ఏది అని ఆర్ట్ బుక్వాల్డ్ అనే హాస్య రచయిత అడిగితే, లాభమే రాలేదండీ అంది స్టూడియో. మర్ఫీ ఆ మిగులు వాటాలని కోతి పాయింట్లు అన్నాడు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, నాకు మాత్రం రెండు పిల్లులకి రొట్టె పంచిపెట్టిన కోతి గుర్తొచ్చింది.

అయ్యో, టైం చూడలేదు. మిగతావి గబగబా.

చాప్లిన్ పక్కన నటించిన చిన్న పిల్లాడు జాకీ కూగన్, లక్షల డాలర్లు సంపాదించాడు, పెద్దయ్యాక చూస్తే తల్లి, సవతి తండ్రి ఖర్చుపెట్టేశారు. 1938లో కేసు వేస్తే చేతికొచ్చింది 1,26,000. ఆ గొడవతోనే 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, బాలనటుల సంపాదనలో కొంత వాళ్ళ పేరునే దాచాలని. 1960లో నటుల సంఘం సమ్మె చేసింది, అప్పుడు సంఘం అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, అవును, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే. సినిమా టీవీలో వేస్తే నటులకి కొంత ఇవ్వాలన్నది ఆ సమ్మెతో గెలిచారు. కానీ 1960 నుంచి తీసిన సినిమాలకే. పాతవాటిని వదిలేసుకున్నారు. లారెల్ అప్పటికి బతికే ఉన్నాడు.

ఇంకోటి, ఫ్రెండ్స్ అనే అమెరికా కామెడీ సీరియల్‌లో ఆరుగురు నటులు. రెండో సీజన్‌లో తలా ఒక జీతం. మూడో సీజన్ దగ్గర ఆరుగురం ఒకటే మాట, ఒకటే జీతం అని కూర్చున్నారు, చివరి రెండు సీజన్లకి ఎపిసోడ్‌కి తలా పది లక్షల డాలర్లు. లారెల్, హార్డీల గడువు తేదీలు గుర్తున్నాయి కదా? అక్కడ విడగొట్టారు, ఇక్కడ విడిపోలేదు. డేవ్ చాపెల్ అనే అమెరికా హాస్యగాడు, 2020లో, తన పాత షో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది, తనకి ముట్టేదేం లేదు, సంతకం పెట్టింది నేనే అని ఒప్పుకుని, దయచేసి చూడకండి అని జనాన్నే అడిగాడు. నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. మరుసటి ఏడాదికి హక్కులు, డబ్బు వచ్చాయని తనే చెప్పాడు. పట్టా లేనివాడు పైరునే అడ్డం పెట్టి పట్టా సంపాదించడం నేను చూసిన ఒకే ఒక్క కేసు ఇది, దీని మీద ఇంకా చెప్పాలని ఉంది కానీ కుదరదు.

[తెర మీద: పాత నల్ల టెలిఫోన్]

ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఆ శాంటా మోనికా అపార్ట్‌మెంట్‌లో లారెల్ తన ఫోన్ నంబర్ దాచుకోలేదు. మామూలు టెలిఫోన్ డైరెక్టరీలో, మామూలు మనుషుల పేర్ల మధ్య, ఆయన పేరూ ఉండేది. టీవీలో ఆయన్ని చూసి పెరిగినవాళ్ళు డైరెక్టరీ తిరగేసి, ఇది ఆయనే అయ్యుండదులే అనుకుంటూ ఫోన్ చేసేవాళ్ళు. ఆయనే ఎత్తేవాడు. వస్తామంటే ఇంటికి రమ్మనేవాడు. ఉత్తరాలు రాస్తే టైప్ మిషన్ ముందు కూర్చుని తనే జవాబులు కొట్టేవాడు. డిక్ వాన్ డైక్ అనే నటుడు కూడా అలాగే డైరెక్టరీలో నంబర్ వెతికి పట్టుకుని వెళ్ళి కలిశాడు.

బాబాయ్, ఐదోసారి పంపకు.